గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డ్ 82, మెమరీ 106 డిగ్రీలు: కొత్త ఫ్యాన్లు ఎక్కడ బిగించాలి?

మినీటవర్:
అందరికీ నమస్కారం. సొంతంగా బిగించుకున్న పీసీ ఇది. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ (సీపీయూ), రెండు టవర్ల ఎయిర్ కూలర్, బీ550 ఏటీఎక్స్ మదర్‌బోర్డు, మూడు ఫ్యాన్లున్న ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డ్ (10 జీబీ), 750 వాట్ల పవర్ సప్లై, రెండు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు, ఒక 3.5 అంగుళాల హార్డ్ డిస్క్. కేస్ మిడ్ టవర్. ముందు వైపు మొత్తం గ్లాస్, గాలి రావడానికి రెండు పక్కలా సన్నని సందులు మాత్రమే. ముందు మూడు ఫ్యాన్లకు చోటుంది, పై రెండింట్లో ఫ్యాన్లు ఉన్నాయి, అన్నిటికన్నా కింది చోటు ఖాళీ. వెనక ఒకటి గాలి బయటికి తోస్తుంది. అన్నీ 120 మి.మీ. ఫ్యాన్లే.

గదిలో 28 డిగ్రీలున్నప్పుడు అరగంట గేమ్ ఆడితే సీపీయూ 84, కార్డ్ 82, హాట్‌స్పాట్ (కార్డ్ చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) 97, మెమరీ జంక్షన్ (కార్డ్ మెమరీ చిప్‌ల లోపలి వేడి) 106, కార్డ్ కింద ఉన్న ఎస్ఎస్‌డీ 78 చూపిస్తున్నాయి. ఇంకో రెండు 120 ఫ్యాన్లు తెప్పించాను. రెండూ కేస్ పైకప్పుకు బిగించి వేడి బయటికి తోయిద్దామని ఆలోచన. అది సరైనదేనా? ఎయిర్ కూలర్ తీసేసి 360 లిక్విడ్ కూలర్ పెడితే తేడా ఉంటుందా? కార్డును నిలువుగా బిగిస్తే దాని ఫ్యాన్లకు గాలి బాగా అందుతుందా?

గాలిమర:
ఫ్యాన్లు బిగించే ముందు వేడి ఎక్కడ ఆగిపోతోందో తేల్చండి. చిప్ నుంచి హీట్‌సింక్‌కు వెళ్లే దారిలో ఆగుతోందా, హీట్‌సింక్ నుంచి కేస్ బయటికి పోయే దారిలోనా? మొదటిది చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్, ప్యాడ్‌లు, బిగింపుల సమస్య. రెండోది గాలి సమస్య. మొదటి దానికి ఎన్ని ఫ్యాన్లు పెట్టినా ఫలితం ఉండదు.

పరీక్షకు ముందు అన్ని ఫ్యాన్ల వేగాన్నీ స్థిరం చేయండి. కార్డ్ ఫ్యాన్లు 70 శాతం, కేస్ ఫ్యాన్లు 1100 ఆర్‌పీఎం. చాలామంది ఈ పని వదిలేస్తారు. ఫ్యాన్లు ఆటోలో ఉంటే, కేస్‌లో గాలి మెరుగైనప్పుడు కార్డ్ తన ఫ్యాన్లను నెమ్మది చేసుకుంటుంది, ఉష్ణోగ్రత దాదాపు అక్కడే నిలుస్తుంది. మీరేమో మార్పు లేదనుకుంటారు.

తర్వాత గేమ్‌లో ఒకే సీన్, ఒకే సెట్టింగ్‌లతో ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్‌లో లాగ్ పెట్టి మూడు సార్లు కొలవండి: అన్నీ మూసి ఉండగా ఒకసారి, సైడ్ ప్యానెల్ తీసి ఒకసారి, సైడ్ ప్యానెల్ మూసి ముందు గ్లాస్ మాత్రమే తీసి ఒకసారి. ఒక్కోదానికి 20 నుంచి 30 నిమిషాలు ఇవ్వండి. కేస్ లోహం, హీట్‌సింక్‌లు పూర్తిగా వేడెక్కడానికి అంత సమయం పడుతుంది, మొదటి అయిదు నిమిషాల అంకెలతో ఏ నిర్ణయానికీ రావద్దు. ప్రతిసారీ గది ఉష్ణోగ్రత కూడా రాసుకోండి.

ఇవికాక సీపీయూకు మాత్రమే పని పెట్టే సినీబెంచ్ ఆర్23 మల్టీకోర్ పరీక్ష పది నిమిషాలు, సైడ్ ప్యానెల్ మూసి, తీసి. అప్పుడు కార్డ్ ఖాళీగా ఉంటుంది కాబట్టి సీపీయూ సంగతి విడిగా తెలుస్తుంది.

రాగిపైపు:
పరీక్షలు కానివ్వండి. లిక్విడ్ కూలర్, నిలువు బిగింపు గురించి ఈలోపు చెప్తాను.

నిలువు బిగింపు వద్దు. అలా బిగిస్తే కార్డ్ ఫ్యాన్లు సైడ్ గ్లాస్‌కు ఎదురుగా వస్తాయి. మూడు స్లాట్ల మందమున్న కార్డుకు మిడ్ టవర్‌లో గ్లాస్‌తో 20 మి.మీ. సందు మిగలడమే కష్టం. 40 మి.మీ. అయినా లేనిదే ఉన్నదానికన్నా వేడి పెరుగుతుంది. దానికి తోడు కార్డును బోర్డుకు కలిపే రైజర్ కేబుల్ పాత పీసీఐఈ 3.0ది అయితే బీ550 మీద స్క్రీన్ రాకపోవచ్చు, బయోస్‌లో (బోర్డు సెట్టింగ్‌ల మెనూ) స్లాట్‌ను జెన్ 3కి, అంటే 3.0కి, దించాలి.

360 రేడియేటర్ మీ కేస్‌లో ముందు వైపే పడుతుంది. అక్కడ పెడితే సీపీయూ వేడి మొత్తం కార్డ్ పీల్చే గాలిలో కలుస్తుంది. గేమింగ్‌లో కార్డ్ 320 వాట్లు, ఈ సీపీయూ సుమారు 80 వాట్లు. చిన్న వేడిని తగ్గించడానికి పెద్ద వేడి దారిలో అడ్డం పెట్టినట్టవుతుంది. ఎప్పుడైనా లిక్విడ్ కూలరే పెట్టాలనుకుంటే పైకప్పులో పట్టే చిన్నది తీసుకుని అక్కడ బిగించి గాలి బయటికి తోయించండి. పంపు మాత్రం లూప్‌లో అన్నిటికన్నా ఎత్తున ఉండకూడదు. లోపలి గాలిబుడగలు ఎత్తయిన చోటికి చేరతాయి, అది పంపు అయితే చప్పుడు చేస్తుంది, త్వరగా అరుగుతుంది.

మినీటవర్:
కొలిచాను. గది 28, ఫ్యాన్లన్నీ స్థిరం.

అన్నీ మూసి: కార్డ్ 81, మెమరీ 106, సీపీయూ 84, కింది ఎస్ఎస్‌డీ 78.
సైడ్ ప్యానెల్ తీసి: కార్డ్ 72, మెమరీ 98, సీపీయూ 76, ఎస్ఎస్‌డీ 70.
ముందు గ్లాస్ తీసి: కార్డ్ 74, మెమరీ 100, సీపీయూ 77, ఎస్ఎస్‌డీ 71.

సినీబెంచ్‌లో సీపీయూ మూసి ఉంటే 87, తీస్తే 86. పవర్ 138 వాట్లు. కార్డ్‌కూ హాట్‌స్పాట్‌కూ తేడా ప్రతిసారీ 14, 15 దగ్గరే.

గాలిమర:
ఈ అంకెలు చాలు. సైడ్ ప్యానెల్ తీస్తే తగ్గిన 9 డిగ్రీల్లో 7 ముందు గ్లాస్ ఒక్కటి తీస్తేనే తగ్గాయి. గాలి బయటికి పోవడంలో మీకు ఇబ్బంది లేదు, లోపలికి రావడంలోనే ఉంది. కాబట్టి కొత్త ఫ్యాన్లు రెండూ పైన పెడితే లాభం తక్కువ.

లెక్క చూడండి. కేస్‌లో గాలి ఎంత వేడెక్కుతుందో తెలియాలంటే మొత్తం వాట్లను 1.76తో గుణించి, నిజంగా పారే గాలి సీఎఫ్‌ఎంతో (నిమిషానికి ఎన్ని ఘనపు అడుగులు) భాగించాలి. కార్డ్ 320, సీపీయూ 80, బోర్డు, ర్యామ్, డ్రైవ్‌లు కలిపి 40 అనుకుంటే 440 వాట్లు. గాలి 60 సీఎఫ్‌ఎం పారితే లోపలి గాలి గదికన్నా సగటున 13 డిగ్రీలు వేడిగా ఉంటుంది. 110 పారితే 7 డిగ్రీలే. ఫ్యాన్ డబ్బా మీద రాసే సీఎఫ్‌ఎం ఎదుట ఏ అడ్డూ లేనప్పటిది. ఫిల్టర్, గ్రిల్, గ్లాస్ అడ్డం వస్తే అందులో సగం దక్కడమూ కష్టమే.

ఇప్పుడు మీ గ్లాస్ పక్క సందులు కొలవండి. ఇలాంటి కేస్‌లలో 10 మి.మీ. వెడల్పు, 400 మి.మీ. పొడవు మామూలు. రెండు పక్కలా కలిపి 80 చదరపు సెం.మీ. 120 ఫ్యాన్ రెక్కలు తిరిగే వైశాల్యం, మధ్య మోటారు తీసేస్తే, ఒక్కోదానికి సుమారు 92. రెండు ఫ్యాన్లకు 184, మూడింటికి 276. ఉన్న ద్వారం 80. వేగం పెంచితే చప్పుడు పెరుగుతుంది తప్ప గాలి ఆ మేరకు పెరగదు.

ఇంకో దొంగదారి ఉంది. కింది ఫ్యాన్ చోటు ఖాళీ అన్నారు. గ్లాస్‌కూ ఫ్యాన్లకూ మధ్య ఖాళీలో ఒత్తిడి తక్కువగా ఉంటుంది కాబట్టి, కేస్ లోపలి వేడి గాలి ఆ ఖాళీ రంధ్రం గుండా ముందుకు వచ్చి పై రెండు ఫ్యాన్లలోకి మళ్లీ దూరుతుంది. బయటి గాలి వస్తోందని మీరు అనుకునే దానిలో కొంత లోపలిదే. టిష్యూ కాగితం ముక్కను ఆ రంధ్రం దగ్గర లోపలి వైపు పట్టుకోండి. కాగితం గ్లాస్ వైపు లాక్కుంటే అదే జరుగుతోంది.

చేయాల్సినవి, ఈ వరసలోనే:

ముందుగా ఖాళీగా ఉన్న కింది చోటులో కొత్త ఫ్యాన్ ఒకటి, లోపలికి ఊదేలా. ఫ్యాన్ అడ్డకమ్మీలున్న వైపు నుంచి గాలి బయటికి వస్తుంది, ఆ వైపు కేస్ లోపలికి ఉండాలి. కార్డుకు చల్లగాలి ఇచ్చేది ఈ కింది ఫ్యానే. హార్డ్ డిస్క్ పంజరం దాని వెనకే ఉంటే తీసేయండి, లేదా పవర్ సప్లై వైపు జరపండి. ఫ్యాన్ వెనక 30, 40 మి.మీ. దూరంలో లోహపు పెట్టె ఉంటే అది సగం పనే చేస్తుంది. మూడు ఫ్యాన్లూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేలా చూడండి, మధ్యలో సందు మిగిలితే ఫోమ్ టేప్ అంటించండి.

రెండో కొత్త ఫ్యాన్ పైకప్పులో, వెనక మూలకు, బయటికి తోసేలా. పైకప్పులో ముందు మూలకు పెట్టొద్దు. అక్కడ పెడితే ముందు పై ఫ్యాన్ తెచ్చిన చల్లగాలిని సీపీయూ కూలర్‌కు చేరకముందే బయటికి లాగేస్తుంది. పైన రెండు ఫ్యాన్లూ పెట్టినప్పుడు సీపీయూ ఉష్ణోగ్రత మెరుగుపడకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం.

ఇక అసలు పని గ్లాస్. మీ కేస్‌కు జాలీ ప్యానెల్ విడిగా దొరికితే మారు మాట లేకుండా అది వేయండి. దొరక్కపోతే, గ్లాస్ నాలుగు మూలలా స్క్రూలతో బిగిసే రకమైతే 10 మి.మీ. స్పేసర్లు, వాటికి సరిపడా పొడవైన స్క్రూలు వేసి ముందుకు జరపండి. సందు రెట్టింపై ద్వారం 160 అవుతుంది. నొక్కితే పట్టుకునే క్లిప్‌లున్న రకానికి ఇది పనికిరాదు, గ్లాస్ ఊడి పడుతుంది. అలాంటి దానికి గ్లాస్ తీసేసి, ఫ్యాన్ల ముందు అయస్కాంతపు అంచున్న నైలాన్ ఫిల్టర్ అంటించడమే మేలు. ప్యానెల్‌కు ఒకటి, ఫ్యాన్ ఫ్రేముకు ఒకటి అని రెండు ఫిల్టర్లుంటే ఒకటి తీసేయండి.

మూడు లోపలికి, రెండు బయటికి. లోపల ఒత్తిడి కాస్త ఎక్కువ ఉంటుంది కాబట్టి గాలి ఫిల్టర్ల గుండానే వస్తుంది, స్లాట్ సందుల్లోంచి దుమ్ము లాక్కోదు. కార్డ్ కింద ఖాళీ స్లాట్ల వెనక రేకులు రంధ్రాలు లేనివైతే ఒకటి రెండు తీసేయండి, కార్డ్ వదిలే వేడి గాలికి అదో దారి.

పిన్24:
వైర్ల సంగతి నేను చెప్తాను. కేబుళ్లు అందంగా సర్దితే ఉష్ణోగ్రత తగ్గుతుందని అంటారు గానీ, ముందు ఫ్యాన్లకూ కార్డుకూ మధ్య కట్టలా వేలాడకపోతే తేడా డిగ్రీ కూడా ఉండదు. శ్రమంతా 24 పిన్ కేబుల్, కార్డ్ కేబుళ్లను ఫ్యాన్ రెక్కల ముందు నుంచి తప్పించడం మీదే పెట్టండి. కార్డుకు పవర్ రెండు వేర్వేరు కేబుళ్లతో ఇవ్వండి. ఒకే కేబుల్ చివర రెండు 8 పిన్‌లున్నది వాడితే 320 వాట్ల కార్డుకు పవర్ సప్లై వైపు ప్లగ్ వేడెక్కుతుంది.

బోర్డు మీద ఒక ఫ్యాన్ హెడర్ (ఫ్యాన్ వైరు గుచ్చే చోటు) సాధారణంగా 1 ఆంపియర్ ఇస్తుంది. మీ మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఒక్కో ఫ్యాన్ 0.2 ఆంపియర్ అయితే ముందు మూడింటికి 0.6, ఒకే హెడర్‌ను పంచే స్ప్లిటర్ వైరు మీద నిశ్చింతగా నడుస్తాయి. స్ప్లిటర్‌లో ఒక్క ఫ్యాన్ ఆర్‌పీఎం మాత్రమే బోర్డుకు కనిపిస్తుంది, మిగతావి తిరుగుతున్నాయో లేదో కళ్లతో చూడాలి. 3 పిన్ ఫ్యాన్లయితే బయోస్‌లో ఆ హెడర్‌ను డీసీ మోడ్‌లో పెట్టండి, పీడబ్ల్యూఎంలో వదిలేస్తే పూర్తి వేగంతో మోగుతాయి.

బయోస్ మామూలుగా కేస్ ఫ్యాన్లను సీపీయూ ఉష్ణోగ్రతకు కడుతుంది. గేమ్‌లో వేడి కొలిమి కార్డ్ అయినప్పుడు అది తప్పు కొలమానం. పైగా 5800ఎక్స్ బ్రౌజర్ తెరిచినా ఒక్కసారిగా 15 డిగ్రీలు ఎగురుతుంది, ఫ్యాన్లు ఊరికే పైకీ కిందికీ పోతుంటాయి. ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ముందు మూడింటినీ కార్డ్ ఉష్ణోగ్రతకు కట్టండి: 50 దగ్గర 40 శాతం, 65 దగ్గర 60, 75 దగ్గర 80. వెనకది, పైది మాత్రం సీపీయూ, కార్డ్ రెండింటిలో ఏది ఎక్కువ అడిగితే దాని ప్రకారం నడవాలి, అందుకు అందులో మిక్స్ కర్వ్ ఉంది, మాక్స్ ఎంచుకోండి. హిస్టరిసిస్ (ఉష్ణోగ్రత ఇంత మారేదాకా ఫ్యాన్ వేగం మారదు) 3 డిగ్రీలు, స్పందన సమయం 4 సెకన్లు పెడితే చప్పుడు నిలకడగా ఉంటుంది. విండోస్ లేచేలోపు, ప్రోగ్రామ్ ఆగిపోయినప్పుడు కాపాడటానికి బయోస్‌లోనూ ఒక మధ్యస్థ కర్వ్ వదిలిపెట్టండి.

రాగిపైపు:
ఇక సీపీయూ. సినీబెంచ్‌లో ప్యానెల్ తీసినా ఒక్క డిగ్రీ తగ్గింది, అంటే కేస్ కారణం కాదు. 5800ఎక్స్‌లో ఎనిమిది కోర్లూ సుమారు 80 చదరపు మి.మీ. ఉన్న ఒకే చిన్న చిప్ మీద ఉంటాయి. 138 వాట్లలో ఎక్కువ భాగం అంత చిన్న చోటు నుంచే బయటికి రావాలి. పైన ఎంత పెద్ద కూలర్ పెట్టినా ఇబ్బంది కిందే. దాని హద్దు 90 డిగ్రీలు కాబట్టి 87 ప్రమాదమేమీ కాదు. తగ్గించాలంటే కూలర్ కన్నా బయోస్ మేలు.

పీబీఓను (ప్రాసెసర్ పవర్, వేగం హద్దుల సెట్టింగ్) అడ్వాన్స్‌డ్‌లో పెట్టి, పీపీటీ (వాట్లలో పవర్ హద్దు) 142 నుంచి 115కి దించండి. వోల్టేజ్ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌లో ఆల్ కోర్, నెగటివ్, 10తో మొదలుపెట్టి 15, 20 వరకు వెళ్లి చూడండి. మల్టీకోర్ స్కోరు కొద్దిగా తగ్గొచ్చు, గేమ్‌లలో తేడా కనిపించదు. ఎక్కువ దించితే లోడ్‌లో కాదు, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ అవుతుంది. ఒకే కోర్ ఎక్కువ క్లాక్‌కు ఎగిరే క్షణంలో వోల్టేజ్ చాలదు, అందుకని. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 (హార్డ్‌వేర్ లోపం) కనిపిస్తే అయిదు వెనక్కి రండి. సినీబెంచ్ పాసయిందని సరిపెట్టుకోవద్దు, కోర్‌సైక్లర్‌తో ఒక్కో కోర్ విడిగా పరీక్షించండి.

ఏదో కారణంతో కూలర్ తీయాల్సి వస్తే, మీ ప్రాసెసర్ వాడే ఏఎం4 సాకెట్‌లో పిన్‌లు ప్రాసెసర్‌కే ఉంటాయని గుర్తుంచుకోండి. చల్లగా ఉన్నప్పుడు నేరుగా పైకి లాగితే గట్టిపడ్డ పేస్ట్ ప్రాసెసర్‌ను లివర్ మూసి ఉండగానే సాకెట్ నుంచి పీకేస్తుంది, పిన్‌లు వంగుతాయి. పది నిమిషాలు లోడ్ ఇచ్చి, ఆపి, ప్లగ్ తీసి, స్క్రూలు వదులు చేశాక కూలర్‌ను కుడికీ ఎడమకూ మెల్లగా తిప్పి, జారడం మొదలయ్యాకే ఎత్తండి.

కార్డుకు గాలితో 7 డిగ్రీలు తగ్గుతాయి, మిగతాది అండర్‌వోల్ట్‌తో (వోల్టేజ్ దించి) తీయండి. ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో వోల్టేజ్, క్లాక్‌ల కర్వ్ ఎడిటర్ తెరిచి, మొదట మొత్తం కర్వ్‌ను కిందికి దించి, 850 మిల్లీవోల్ట్ దగ్గరి చుక్కను 1800 మెగాహెర్ట్జ్‌కు ఎత్తి అప్లై చేయండి. దాని కుడి పక్కంతా సమంగా గీత అవ్వాలి. 320 వాట్ల కార్డ్ ఇలా 50 వాట్లకు పైగా తగ్గడం మామూలే, ఫ్రేములు రెండు మూడు శాతం పోతాయి. గేమ్ క్రాష్ అయితే వోల్టేజ్ 862కో 875కో పెంచండి, లేదా క్లాక్ 30 తగ్గించండి. రే ట్రేసింగ్ ఉన్న గేమ్‌తో తప్పక పరీక్షించండి, మామూలు గేమ్‌లలో నిలిచిన సెట్టింగ్ అక్కడ పడిపోతుంది.

మెమరీ 106 అంటే కంగారు వద్దు గానీ వదిలేయనూ వద్దు. మీ కార్డ్‌లోని జీడీడీఆర్6ఎక్స్ మెమరీ 110 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ప్యాడ్‌లు మార్చమని ఎవరైనా చెప్తారు. ఇప్పుడే మార్చకండి. మీ హాట్‌స్పాట్ తేడా 15 లోపే ఉంది, అంటే చిప్ మీద బిగింపు బాగుంది. తేడా 25 దాటితే అప్పుడు పేస్ట్‌ను అనుమానించాలి. ప్యాడ్‌ల మందం కార్డును బట్టి 1, 1.5, 2 మి.మీ. ఇలా మారుతుంది. అర మి.మీ. ఎక్కువ వేస్తే హీట్‌సింక్ చిప్ మీద సరిగా కూర్చోదు, మెమరీ చల్లబడి కోర్ మండుతుంది. గాలి, అండర్‌వోల్ట్ రెండూ అయ్యాక కూడా 100 పైనే ఉంటే చూద్దాం. వెనక ప్లేటు మీద ఫ్యాన్ పెట్టే చిట్కా ఆర్‌టీఎక్స్ 3090 కార్డుకు బాగా పనిచేస్తుంది, దాని మెమరీ సగం వెనక వైపు ఉంటుంది. మీ కార్డ్‌లో పది చిప్‌లూ ముందు వైపే, కాబట్టి లాభం స్వల్పం.

మినీటవర్:
చాలా థ్యాంక్స్ అన్నలూ. గ్లాస్ స్క్రూల రకమే, సందు కొలిస్తే 9 మి.మీ. వచ్చింది. టిష్యూ కూడా గ్లాస్ వైపే లాగింది. ఇంకో రెండు సందేహాలు. పవర్ సప్లై ఫ్యాన్ పైకి ఉండాలా, కిందికా? కింది ఎస్ఎస్‌డీని ఏం చేయాలి? దానికి బోర్డుతో వచ్చిన రేకు హీట్‌సింక్ ఉంది.

పిన్24:
కేస్ అడుగున రంధ్రాలు, ఫిల్టర్ ఉంటే ఫ్యాన్ కిందికే. బయటి చల్లగాలి పీల్చి వెనక వదులుతుంది, కార్డ్ వేడితో దానికి సంబంధం ఉండదు. అడుగున కాళ్ల ఎత్తు 15 మి.మీ. కన్నా తక్కువైనా, కేస్ కార్పెట్ మీద ఉన్నా కింద గట్టి చెక్క వేయండి. అడుగు మూసి ఉన్న కేస్ అయితేనే ఫ్యాన్ పైకి.

ఎస్ఎస్‌డీకి ముందు ఆ రేకు విప్పి, థర్మల్ ప్యాడ్ మీది పల్చని ప్లాస్టిక్ పొర ఒలిచారో లేదో చూడండి. అది అలాగే ఉంటే రేకు ఉన్నా లేనట్టే. డ్రైవ్‌లో వేడెక్కేది కంట్రోలర్ చిప్, ప్యాడ్ దాని మీద పూర్తిగా ఆనాలి. చాలా డ్రైవ్‌లు 80, 85 మధ్య వేగం తగ్గిస్తాయి కాబట్టి 78 అంచున ఉన్నట్టు. ముందు ఫ్యాన్ పని అయ్యాక 70 దగ్గరికి వస్తే అలాగే వదిలేయండి. పెద్ద ఫైళ్లు తరచూ రాసే డ్రైవ్ అది అయితే, కార్డ్ పైనున్న స్లాట్‌లోకి దాన్ని మార్చి, అక్కడున్నదాన్ని కిందికి తేండి. పై స్లాట్ నేరుగా సీపీయూకు కలిసే పీసీఐఈ 4.0, కూలర్ గాలి కూడా కాస్త తగులుతుంది. విండోస్ ఏ స్లాట్‌లో ఉన్నా లేస్తుంది, బయోస్‌లో బూట్ వరస ఒకసారి చూసుకుంటే చాలు.

హార్డ్ డిస్క్ పంజరం జరిపేటప్పుడు సాటా వైరు ఏ పోర్ట్‌లో ఉందో గమనించండి. చాలా బీ550 బోర్డుల్లో కింది ఎం.2 (ఎస్ఎస్‌డీ) స్లాట్ వాడితే సాటా 5, 6 పనిచేయవు. వైరు 1 నుంచి 4 లోపు పోర్ట్‌కే పెట్టండి.